పెరటి చప్టా బాగుచేత: పాత బండలు, కొత్త వెలుగు

తెలుగునాట పాత ఇళ్ళ పెరళ్ళలో పరిచి ఉన్న బండల్లో చాలావరకు సున్నపురాయే. తాండూరు నీలం, తాండూరు పసుపు, షాబాదు బండలు, బేతంచెర్ల నాపరాయి, కడప నల్లబండ, మాచర్ల బండ అని పేర్లూ రంగులూ వేరైనా, అన్నీ కోట్ల ఏళ్ళ కిందట సముద్రాల అడుగున పొరమీద పొరగా పేరుకుని గట్టిపడినవే. పొర వెంట ఉలి దింపితే పలకలా లేచి వస్తాయి కనుకనే రంపపు మిషన్లు రాకముందు నుంచీ ఇవి చవగ్గా దొరికాయి. ఈ పొరల అమరికలోనే వాటి గుణమూ ఉంది, లోపమూ ఉంది. నడవడానికి తగిన చదునునిచ్చేది అదే. తడీ ఉప్పూ చేరినప్పుడు పైన పెచ్చులు లేవడానికి కారణమూ అదే. ఇటీవలి దశాబ్దాల్లో వీటి పక్కన సిమెంటు పేవర్ బ్లాకులు, పార్కింగ్ టైల్స్ వచ్చి చేరాయి. పేవర్ బ్లాకులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 15658 మొదట 2006లో వచ్చింది, 2021లో దాన్ని సవరించారు.

పదిహేను ఇరవై ఏళ్ళు గడిచేసరికి ఏ చప్టాకైనా కాస్త అటూ ఇటూగా ఒకే గతి పడుతుంది. అక్కడక్కడా కుంగి నీళ్ళు నిలుస్తాయి. గోడ నీడన పాకుడు పడుతుంది. తెల్లటి పొడి పూస్తుంది. సందుల్లో గరిక మొలుస్తుంది. అప్పుడు ఇంటివారి ముందు మూడు దారులుంటాయి: ఉన్న బండలమీదే టైల్స్ అంటించడం, అంతా పీకేసి కొత్తవి పరచడం, పాతవాటినే లేపి సరిచేసి మళ్ళీ వేయడం. పని తొందరగా తెమలాలనుకునేవారు మొదటిదానికే మొగ్గుతారు. కానీ జబ్బు బండలో ఉండడం అరుదు. అది బండ కింద ఉంటుంది. కింద సంగతి చూడకుండా పైన ఎంత ఖరీదైనది పరిచినా అదీ అదే దారి పడుతుంది. కనుక పెచ్చులూడిపోయిన బండలు సగానికి మించితే తప్ప, లేపి మళ్ళీ పరచడమే మేలు.

బండ కుంగిందంటే దాని కింద మట్టి కదిలిందన్నమాట. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుని పగుళ్ళిస్తుంది. ఏటా ఒకసారి బండల్ని ఎత్తి దించుతుంది. మిగతా నేలల్లో దోషం సాధారణంగా పూడికది. పునాది గోతుల్లోంచి తీసిన మట్టినే పెరట్లో నింపి, సరిగ్గా దిమ్మిస కొట్టకుండా, పైన ఇసుక చల్లి బండలు పరిచేస్తారు. నాలుగు వానలు పడ్డాక ఆ మట్టి సర్దుకుంటుంది, దానితో బండా దిగుతుంది. కుళాయి గొట్టం కారడం, సెప్టిక్ ట్యాంకు అంచున మట్టి జారడం, పందికొక్కుల బొరియలు కూడా కారణాలే. ఒక్కచోటే గుండ్రంగా కుంగితే ముందు అనుమానించవలసింది వీటినే.

మరమ్మతులో పెద్ద పని ఇక్కడే. బండలు లేపి, మెత్తబడ్డ మట్టి తీసేసి, నాలుగు నుంచి ఆరు అంగుళాల మందాన మొరం, కోస్తాలో అయితే గ్రావెల్, రెండు దఫాలుగా పోసి, తడిపి గట్టిగా కూర్చాలి. ఒకే దఫాగా పోస్తే పైన గట్టిపడుతుంది, అడుగు వదులుగానే ఉంటుంది. రేగడి నేలలో అడుగున్నర దాకా తవ్వి మొరంతో నింపడం మంచిది. ఆపైన ఒక అంగుళం, మించితే ఒకటిన్నర అంగుళం ఇసుక. ఇసుక మందం పెంచి ఎత్తుపల్లాలు సరిచేయడం మేస్త్రీలకు తేలికైన పని. మందంగా ఉన్నచోట ఇసుక ఎక్కువ దిగుతుంది కనుక ఆ పల్లాలే ఏడాది తిరిగేసరికి మళ్ళీ పైకి కనిపిస్తాయి. వాలు ఇంటివైపు నుంచి బయటికి, పది అడుగులకు రెండు అంగుళాలు ఉంటే చాలు. నీళ్ళ ట్యూబుతో మట్టం చూసే మేస్త్రికి ఇది క్షణాల పని. కంటి అంచనాతో వేసిన వాలు మాత్రం తొలి వానలోనే బయటపడుతుంది.

చప్టా పైమట్టం ఇంటి నేలకన్నా కనీసం ఆరు అంగుళాలు కిందుండాలి. లేకపోతే గోడ తడి పీలుస్తుంది, లోపలి రంగు పొక్కుతుంది. బండమీద టైలు, టైలుమీద టైలు వేస్తూ పోయిన ఇళ్ళలో ఈ తేడా మాయమవుతుంది. దానికితోడు ముందువైపు సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది. ఒకప్పుడు మూడు మెట్లున్న ఇంటికి ఇప్పుడు ఒక్క మెట్టు మిగలడం ఏ పట్నంలోనైనా కనిపించేదే. అలాంటి ఇంట్లో పెరటి నీరు వీధికి పోదు. దానికి పెరట్లోనే దారి చూపాలి.

ఇసుకమీద పరచాలా, సిమెంటు మాలులో పరచాలా అన్నదానికి జవాబు బండ మందం చెబుతుంది. ఒకటిన్నర, రెండు అంగుళాల చేతిపని బండ ఇసుకమీద నిలుస్తుంది. కుంగినా ఒక్కదాన్ని లేపి సరిచేయవచ్చు. ముప్పావు అంగుళం పాలిష్ బండ ఇసుకమీద బరువు పడితే విరుగుతుంది, దానికి మాలు తప్పదు. మాలులో పరిచిన చప్టా గట్టిగా కనిపించినా, కింద నేల కదిలితే వంగలేదు కనుక సందుల వెంట చీలుతుంది. ఒకసారి చీలాక నీరు లోపలికే పోతుంది తప్ప బయటికి రాదు.

లేపిన బండను తిరగేసి వేయడం పాత మేస్త్రీల పద్ధతి. అడుగువైపు అడుగులు పడలేదు కనుక గరుకు చెక్కుచెదరకుండా ఉంటుంది, తడిలో కాలు జారదు. ఇందులో ఒక చిక్కు ఉంది. చేత్తో అంచులు కొట్టిన బండకు అంచు నిటారుగా ఉండదు, లోపలికి వాలి ఉంటుంది. అంటే పైముఖంకన్నా అడుగుముఖం అర అంగుళం దాకా చిన్నది. తిరగేస్తే పైన సందులు వెడల్పవుతాయి. నాలుగు అంచులూ కటింగ్ మిషనుతో నిటారుగా కోసుకుంటే ఆ తేడా పోతుంది. కోతలో ప్రతి బండా కొంత తగ్గుతుంది కనుక చివర ఒకటి రెండు వరసలకు బండ చాలదు. ఆ మేరకు అంచు వెంట గులకరాళ్ళో, మొక్కల పాదులో పెట్టుకుంటే కొత్త బండ కొనే పనే ఉండదు. బండలు లేపేవారు చెప్పులూ చేతితొడుగులూ వేసుకోవాలని ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. తేళ్ళకు అంతకన్నా ఇష్టమైన చోటు లేదు.

శుభ్రం చేసే దశలోనే ఎక్కువ బండలు పాడవుతాయి. బాత్రూములు కడగడానికి అమ్మే యాసిడ్ పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సున్నపురాయి కాల్షియం కార్బొనేట్. రెండూ కలిస్తే బుసబుసమని నురుగొస్తుంది. పైనున్న మురికి కరిగిపోతోందని చూసేవారికి అనిపిస్తుంది గానీ కరిగేది రాయే, పైకొచ్చే బుడగలు బొగ్గుపులుసు వాయువు. ఆరాక బండ తెల్లబారి, చేతికి సుద్దలా తగులుతుంది, ఆ గరుకులో మురికి ఇంకా తొందరగా దిగుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు కూడా ఇదే పని నెమ్మదిగా చేస్తాయి. గిన్నెలు తోమే చోట బండ మీద కనిపించే మసకమచ్చలు చాలావరకు మరకలు కావు, రాయి తినేసిన చోట్లు. బండ సున్నపురాయో గ్రానైటో తెలియకపోతే విరిగిన ముక్కమీద నిమ్మచెక్క పిండి చూస్తే సరి. సున్నపురాయి పొంగుతుంది, గ్రానైటు ఊరుకుంటుంది.

మొదట పొడిగా ఊడ్చి, తర్వాత సబ్బునీళ్ళతో నైలాన్ బ్రష్షు పెట్టి తోమాలి. ఇనుప బ్రష్షు వాడితే దాని పొడి బండలో చిక్కుకుని నాలుగు రోజులకు తుప్పు మచ్చలవుతుంది. పాకుడుకు బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు పోసి పది పదిహేను నిమిషాలాగి తోమితే పోతుంది. బ్లీచింగూ యాసిడూ ఒకదాని వెంట ఒకటి పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసుకుపోయిన పెరట్లో అది ప్రాణాంతకం. ప్రెషర్ వాషర్ పనికొస్తుంది గానీ గొట్టం ముక్కును బండకు దగ్గరగా పెడితే సందుల్లో ఇసుకంతా లేచిపోతుంది, పొరలు వదులైన బండకు పెచ్చులు లేస్తాయి.

తెలుగింటి పెరటికి తనవైన మరకలు కొన్ని ఉన్నాయి. పసుపు గురించి దిగులు పడనక్కర్లేదు, దాని రంగు ఎండకు తనంతట వెలిసిపోతుంది. కార్తీక దీపాల నూనె అలా కాదు, లోపలికి ఇంకి నల్లబడుతుంది. సుద్దపొడిని డిటర్జెంటు నీళ్ళతో ముద్దచేసి మరకమీద అర అంగుళం మందాన పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ఒకరోజు ఉంచాలి. తర్వాత కాగితం తీసి పూర్తిగా ఆరనిస్తే ముద్ద ఆరుతూ నూనెను పైకి లాగుతుంది. పాత మరకకు రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. ఎనామిల్ పెయింటుతో వేసిన శాశ్వత ముగ్గు అన్నిటికన్నా మొండిది. దానికి పెయింటు తీసే మందు, లేదా మిషను.

మిషను పాలిష్ విషయంలో ఎక్కడ ఆపాలో తెలియాలి. ఇంట్లో నేలకు ముతక రాయితో మొదలుపెట్టి క్రమంగా నున్నటి రాళ్ళకు పోయి, చివర ఆక్సాలిక్ పొడితో అద్దం మెరుపు తెస్తారు. బయట ఆ మెరుపు రెండు విధాలా దండగ. మోస్ గట్టిదనపు కొలతలో సున్నపురాయి సుమారు 3, ఇసుకలోని పలుగురాయి 7. చెప్పుకింద ఇసుక రేణువు పడిన ప్రతిసారీ గీత పడుతుంది కనుక పెరటి బండకు అద్దం మెరుపు ఎక్కువకాలం నిలవదు. నిలిచినన్నాళ్ళూ వానలో మనిషి నిలవడు. ఎనభై, నూట ఇరవై నంబరు రాళ్ళతో పైన ఒక పలచని పొర తీసి ఆపేస్తే రంగు తేరుతుంది, పాదానికి పట్టూ ఉంటుంది. తట్టి చూస్తే డొల్ల మోత వచ్చే బండను మిషను కింద పెట్టకూడదు. పైపొర పోయి దాని కింద ఇంకో వదులు పొర బయటపడుతుంది. మిషనులోంచి వచ్చే బూడిదరంగు రొచ్చును తూములోకి వదిలితే అక్కడే గట్టిపడి తూము మూసుకుపోతుంది. దాన్ని ఒక గుంతలో నిలవబెట్టి, ఆరాక ఎత్తిపోయాలి.

కడప నల్లబండ ఎండకు బూడిదరంగు తిరగడం సహజం. నలుపు తేలాలని నూనె పూసే అలవాటు ఉంది గానీ, పెరట్లో ఆ నూనెకు దుమ్మంటి వారంలో జిడ్డు పొర కడుతుంది. అసలు నల్లబండను ఎండ తగిలే పెరట్లో పరచడమే ఆలోచించవలసిన సంగతి. మే నెల మధ్యాహ్నం దానిమీద ఒట్టికాళ్ళతో నడవలేరు. పసుపు తాండూరు ఆ విషయంలో చాలా నయం.

బండమీద తెల్లగా పూసేది నేలలోని, నీటిలోని ఉప్పు. తడి పైకి పాకి, ఆరిపోతూ ఉప్పును పైన వదులుతుంది. బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువున్న ఊళ్ళలో, రోజూ ఆ నీళ్ళతోనే కడిగే చప్టాలో ఇది తరగదు. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది కనుక ముందు పొడి బ్రష్షుతో ఊడ్చి ఎత్తేయాలి. ఉప్పు పూయడం ఆగకముందే పైన సీలర్ కొడితే ఆ ఉప్పు సీలర్ కింద పెరిగి పెచ్చులు లేపుతుంది. సీలర్లలో రెండు తెగలున్నాయి. వార్నిషులా పైన పొరకట్టే యాక్రిలిక్ రకం కొట్టిన రోజు కళ్ళకు ఇంపుగా ఉంటుంది, తర్వాత ఎండకు పసుపెక్కి పొట్టు లేస్తుంది. సిలేన్, సిలాక్సేన్ రకం లోపలికి ఇంకి నీటిని అడ్డుకుంటుంది, ఆవిరిని అడ్డుకోదు, చూపుకు తేడా తెలియదు. పెరటికి తగినది ఈ రెండోదే. ఏదీ కొట్టకపోయినా బండకు వచ్చే నష్టం పెద్దగా లేదు.

పేవర్ బ్లాకుల కథ కొంత వేరు. 2006 ప్రమాణం ప్రకారం మనుషులు మాత్రమే నడిచేచోట 50 మిల్లీమీటర్ల మందం ఎం 30 బ్లాకు, తేలిక వాహనాలకు 60 మిల్లీమీటర్ల ఎం 35 చాలు. చాలా బ్లాకుల్లో రంగు పైన కొన్ని మిల్లీమీటర్ల పొరకే పరిమితం. అది అరిగి కంకర తేలాక తిరగేసి లాభం లేదు, అడుగున రంగూ ఉండదు, చెక్కిన అంచూ ఉండదు. పైన పెయింటు వేస్తే ఒక వానాకాలం కూడా ఆగదు. అరిగిన బ్లాకును సన్నగా గ్రైండు చేసి కంకర గింజలు కనబడేలా వదిలేయడం ఒక్కటే పరువైన మార్గం. బ్లాకులు కదలకుండా పట్టేది సందుల్లోని సన్న ఇసుకే కనుక ఏటా వానలయ్యాక పొడి ఇసుక చల్లి ఊడ్చి నింపాలి. అంచున సిమెంటు కట్టు లేని బ్లాకు చప్టా ఎంత బాగా పరిచినా పక్కలకు జరిగిపోతుంది. ఈ బ్లాకుల పద్ధతే అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళ వెనక కూడా కనిపిస్తుంది. న్యూజెర్సీలో చలికాలంలో బ్లాకుల కింద నేలలోని నీరు గడ్డకట్టి వాటిని లేపడం అక్కడి బాధ. డల్లాస్ వైపు మాత్రం నేల మన నల్లరేగడి జాతిదే, ఉబ్బడమూ కుంగడమూ కూడా అచ్చం ఇలాగే.

పెరడంతా కప్పేయాలన్న కోరిక ఇంకో సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం నాటి నుంచి ఇంకుడు గుంతల మాట జనానికి పరిచయమే. మాలుతో సందులు బిగించిన చప్టా ఆ గుంతకు పోయే నీటిని కూడా తూముకే పంపుతుంది. వాలును గుంతవైపు తిప్పి, చెట్టు మొదట్లో కనీసం నాలుగడుగుల వెడల్పున మట్టి వదిలేస్తే వేరుకు ఊపిరాడుతుంది, బండలూ లేవవు. వేప, మునగ వేళ్ళు లేపిన బండను వేరు నరికి సరిచేసేకన్నా బండను వెనక్కి జరపడం చవక.

దీపాల పని బండలు తిరిగి పరిచేముందే తేల్చుకోవాలి, వైర్లు పోయేది వాటి కిందే. ఎక్కువమంది చేసేది తలుపు పైన ఒక పెద్ద ఫ్లడ్ లైటు బిగించడం. దాని ముందు నిలబడితే కళ్ళు చెదిరి, వెలుగుకు అవతలి నీడలో మెట్టు కనబడదు. నిండు పున్నమి వెన్నెల 0.3 లక్స్ మించదు, అయినా నడవగలం. దారికి ఐదు నుంచి పది లక్స్ ఉంటే ధారాళం. నూరు నూట యాభై ల్యూమెన్ల చిన్న దీపాలు మోకాలి ఎత్తులో, బల్బు కంటికి కనబడకుండా, వెలుగు బండమీదే పడేలా నాలుగైదు ఉంటే పెరడంతా తెలుస్తుంది. వెలుగు బండమీదుగా పక్కవాటంగా పడితే గరుకు బండ అందం కూడా అప్పుడే తేలుతుంది. గిన్నెలు తోమేచోట, మోటారు స్టార్టరు దగ్గర మాత్రం పనికి తగ్గ గట్టి వెలుగు వేరే స్విచ్చు మీద ఉండాలి. మనిషి కదలికకు వెలిగే సెన్సరు ఈ రెండోవాటికి పనికొస్తుంది, మొదటివాటికి చిరాకు.

రంగు 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపు వెలుగైతే మంచిది. తెల్ల ఎల్ఈడీ గర్భంలో ఉండేది నీలి దీపం, నీలం పాలు ఎక్కువైన కొద్దీ పురుగులు ఎక్కువ చేరతాయి. తొలకరి సాయంత్రం ఉసిళ్ళు లేచినప్పుడు ఈ తేడా కొంత తెలుస్తుంది గానీ, ఉసిళ్ళను పూర్తిగా తప్పించేది దీపం ఆర్పడం ఒక్కటే. సముద్రపు ఒడ్డు ఇళ్ళకు ఇంకో కారణం ఉంది. ఆంధ్ర తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ పిల్లలు వెలుగున్న వైపే పాకుతాయి. సముద్రంకన్నా పెరడు వెలుగ్గా ఉంటే అవి ఇటే వస్తాయి.

తేమ ఉండే చోట 230 వోల్టుల కన్నా 12 లేదా 24 వోల్టుల పద్ధతి క్షేమం. ఇందులో దూరం లెక్క మరిచిపోతారు. అరవై వాట్ల దీపాలు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతాయి. ఇరవై మీటర్ల దూరానికి ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పోనూ రానూ నలభై మీటర్లు, దాని నిరోధం సుమారు అర ఓమ్. అంటే దారిలోనే రెండున్నర వోల్టులు పోయి చివరి దీపం మసకబారుతుంది. అవే దీపాలు 24 వోల్టులవైతే పోయేది సుమారు ఒకటింబావు వోల్టు మాత్రమే, శాతంలో చూస్తే నాలుగో వంతు. పెద్ద పెరటికి 24 వోల్టులు ఎంచుకోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. తక్కువ వోల్టేజీకి మార్చే డ్రైవరు దాకా వచ్చే లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపే స్విచ్చు), సరైన ఎర్తింగు తప్పనిసరి. బండల కింద వైరు పైపులోనే పోవాలి, పందికొక్కులు ఉత్త వైరును వదలవు.

దీపంమీద ఐపీ అని రాసి ఉండే అంకెల్లో మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి. గోడ దీపానికి 65 చాలు. బండతో సమంగా నేలలో దిగేసే దీపానికి 67 కావాలి, అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా లోపలికి చుక్క దిగకూడదు. అయినా నేల దీపాలే ముందు పోతాయి. నీరు ఎక్కువగా వచ్చేది గాజు పక్కనుంచి కాదు, వైరు వెంట. అతుకు దగ్గర తడిస్తే వైరు తీగల మధ్య సందుల్లోంచి తేమ దీపం దాకా పాకుతుంది. అందుకే అతుకులు జెల్ నింపిన డబ్బాలో ఉండాలి, దీపం కింద అడుగు లోతున కంకర గుంత ఉండాలి, గోడ దీపంలోకి పోయే వైరు ముందు కిందికి ఒక వంపు తిరిగి మళ్ళీ పైకి వెళ్ళాలి. ఆ వంపు దగ్గర వాన చుక్క రాలిపోతుంది. సోలార్ దీపాలకు వైరు బాధ లేదు గానీ చెట్టు నీడన, ముసురు రోజుల్లో అవి తొమ్మిదింటికే కొండెక్కుతాయి, రెండు మూడేళ్ళకు బ్యాటరీ మార్చాలి. కోతులున్న ఊళ్ళో నేలలో గుచ్చే రకం కొనకపోవడమే మంచిది.

కాలం సంగతి చూస్తే, తవ్వకమూ పరుపూ శివరాత్రి తర్వాత మొదలుపెట్టి తొలకరిలోపు ముగించాలి. ఆ వేసవి తొలివానలకు చప్టాను తడవనిచ్చి, నీరు ఎటు పోతోందో, ఎక్కడ నిలుస్తోందో చూసి, నిలిచిన చోట బండ లేపి సరిచేయాలి. సీలర్ కొట్టేది ఆ వానాకాలం గడిచి, ఉప్పు పూత ఊడ్చి, బండలు పూర్తిగా ఆరాక, మాఘమాసం ఉదయాల్లో. కాలిన బండమీద కొట్టిన సీలర్ ఇంకకముందే ఆరిపోతుంది. మాలు సందుల చప్టాకు ఏటేటా చేయవలసింది పగుళ్ళు పూడ్చడం, ఇసుక సందులదానికి ఇసుక నింపడం. ఆర్‌సీసీబీ మీది టెస్టు బటన్‌ను నెలకోసారి నొక్కి చూడాలి, నొక్కినా పడిపోకపోతే దాన్ని మార్చేదాకా పెరటి లైను ఆపి ఉంచాలి.